జోళ్లు ఇక్కడే ఉన్నాయి

మొదట నేనే లెక్క తప్పాననుకున్నా. మళ్లీ లెక్కపెట్టా, ఒక్కో గూటి మీద వేలు పెడుతూ. ముప్పై ఒక్క జతలు. హోమ్‌లో ఉన్నది ఇరవై నలుగురే.

"మనం వచ్చింది జోళ్లు లెక్కపెట్టడానికా అమ్మాయ్?" అన్నారు తొగాషి గారు. నడుం వంగక, గోడ పట్టుకుని కాలితోనే బూటు లాగేసుకుంటున్నారు.

మేమిద్దరం వృద్ధుల హోమ్‌లకి మార్కులేసేవాళ్లం. బయటివాళ్లం, హోమ్‌తో ఏ సంబంధమూ ఉండదు. పొద్దున్నే వెళ్తాం, సాయంత్రం దాకా చూస్తాం, అడుగుతాం, రాస్తాం. అరవై ఎనిమిది ప్రశ్నలు, ఒక్కోదానికి ఎ, బి, సి. ఆయన పదిహేనేళ్లుగా చేస్తున్నారు, నేను మొన్న ఏప్రిల్‌లో చేరా, ఇది నా నాలుగో హోమ్. ఆయన నాకు నేర్పింది ఒక్కటే. చూసింది రాయి, విన్నదైతే ఎవరన్నారో రాయి, అనిపించింది మాత్రం రాయకు.

నవంబరు వాన. మొగామి నది మీంచి వచ్చే చలి తలుపు సందులోంచి నేరుగా లోపలికొస్తోంది, మేజోళ్లలోంచి గడప రాయి చురుక్కుమంటోంది. అయినా నేను ఆ గూళ్ల ముందు నుంచి కదల్లేదు. అక్కడ ఉండేవాళ్లందరి బయటి జోళ్లూ వాటిల్లో ఉంటాయి, గూటి కింద పేరు చీటీ. ఏడు గూళ్లకి మాత్రం చీటీ లేదు, పీకేసిన చోట జిగురు మరక. మిగతావన్నీ మడమలు మనవైపు పెట్టి ఉంటే ఆ ఏడు జతలూ తలుపు వైపుకి తిరిగి ఉన్నాయి, ఎవరో ఇప్పుడే కాలు పెట్టి బయటికెళ్లబోతున్నట్టు.

బూజు పట్టిందేమో చూద్దామని ఒకదాన్లో చెయ్యి పెట్టా. బూడిదరంగు గుడ్డ జోడు, చిన్నది, ఎవరో ముసలావిడది.

వెచ్చగా ఉంది.

ఎండ తగిలిన వెచ్చదనం కాదు. ఎండే లేదు. ఇప్పుడే పాదం తీసినట్టు, లోపల మెత్తగా, కొంచెం చెమ్మగా. పక్క జతలో చెయ్యి పెట్టా, పేరున్న గూట్లోది. ఐసు ముక్క. ఇంకోటి. ఐసు ముక్క. తర్వాత చీటీ లేనిది ఇంకోటి, వెచ్చన. నేను ఊరుకునే రకం కాదు కదా, ముప్పై ఒకటీ చూసేశా, నోట్సులో గీతలు కూడా పెట్టుకున్నా. ఇరవై నాలుగు చల్లన. ఏడు వెచ్చన. తల ఎత్తేసరికి డైరెక్టర్ కుమగై గారు అక్కడ నిలబడి ఉన్నారు. యాభై ఏళ్ల మనిషి, చొక్కా జేబులో తుడుచుకునే కాగితాలు ఉబ్బెత్తుగా. నేను ఏం చేస్తున్నానో చూశారు. "లోపలికి రండి, చల్లగా ఉంది," అన్నారు.

నిజం చెప్పాలంటే మంచి హోమ్. చాలా మంచి హోమ్. తొగాషి గారికో పద్ధతుంది, మంచం పట్టినవాళ్ల బిగుసుకుపోయిన పిడికిలి మెల్లగా తెరిచి అరచేయి వాసన చూస్తారు. పైపైన తుడిచే హోమ్‌లో ఆ చేయి కుళ్లు కంపు కొడుతుంది. ఇక్కడ సబ్బు వాసన. మడమలు చూశాం, వీపులు చూశాం, ఒక్క పుండు లేదు. నీళ్ల కప్పు ప్రతి మంచం దగ్గరా చేతికందేలా. ఎ, ఎ, ఎ, ఎ. నా పెన్ను పరుగెడుతోంది.

వరండాలో ఒకావిడ గదులు వెతుకుతూ ఎదురొచ్చింది. పొట్టిగా, తెల్లటి జుట్టు నున్నగా దువ్వుకుని. తలుపు కొడుతుంది, తీస్తుంది, దుప్పటి ఎత్తి చూస్తుంది. "కియె, ఉన్నావా?" వెనకాలే హనెదా అనే ఆయా.

"ఫుజినో గారూ, ఈ గది పొద్దున చూసేశాం కదా."

"పొద్దున చూసినప్పుడు లేకపోతే ఇప్పుడు ఉండకూడదని రూలుందా?"

హనెదా నన్ను పక్కకి తీసుకెళ్లి చెప్పింది. కియె, ఫుజినో ఆరేళ్లు ఒకే గదిలో ఉన్నారు. పదకొండు రోజుల కిందట తెల్లారకముందే కియె గారు పోయారు, నిద్రలోనే. మిగతావాళ్లతో కొడుకింటికి వెళ్లిందని చెప్పారు. అప్పట్నుంచీ ఈవిడ వెతుకుతూనే ఉంది. మొన్న ఒక పెద్దాయన గదిలో దూరితే ఆయన భయపడి కప్పు విసిరాడు, ఆవిడ నుదుటి మీద కమిలిన మచ్చ అదే. అందుకని శుక్రవారం పై అంతస్తుకి మార్చేస్తున్నారు. పైన తలుపుకి తాళం ఉంటుంది.

"శుక్రవారం అంటే ఎల్లుండే," అన్నా.

"నాకు మాత్రం ఇష్టమా," అంది హనెదా.

ఉంటున్నవాళ్లలో కొందరితో విడిగా మాట్లాడాలని రూలు. నేను ఫుజినో గారిని ఎంచుకున్నా. కిటికీ దగ్గర కూర్చున్నాం.

"నీ పేరేంటి పిల్లా?"

"ఒరికాసా మిచిరు అండీ."

"ఏం పని నీది?"

"ఇక్కడ మిమ్మల్ని బాగా చూస్తున్నారో లేదో చూడ్డానికొచ్చానండీ."

"బాగానే చూస్తారు. అబద్ధాలాడ్డమే చేతకాదు వీళ్లకి." గొంతు తగ్గించింది. "కియె కొడుకింటికెళ్లిందంట. ఉత్తకాళ్లతో వెళ్లిందా? ఈ వానలో? జోళ్లు ఇక్కడే ఉన్నాయి. నువ్వే చూడు వెళ్లి, బూడిదరంగువి. జోళ్లు ఇక్కడున్నాయంటే మనిషి లోపలే ఉన్నట్టు. ఇందులో తెలీకపోవడానికేముంది?"

పొద్దున నేను మొదట చెయ్యి పెట్టింది ఆ బూడిదరంగు జోట్లోనే.

"రోజూ పొద్దున నేనే తిప్పి పెడతా, బయటికి ముఖం చేసి. వెళ్లాలనుకున్నప్పుడు తడుముకోకుండా."

"ఏడు జతలున్నాయి కదండీ అలాగ."

"అందరివీ తిప్పుతా. వాళ్లు మాత్రం ఎక్కడికెళ్లారు? లోపలే ఉన్నారు కదా." పక్కింటివాళ్ల గురించి చెప్పినట్టు చెప్పింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "నన్ను పైకి పంపేస్తారంట. పైనుంచి ముందు తలుపు కనబడదు. కియె ఎప్పుడు బయల్దేరిందో నాకెలా తెలుస్తుంది? నీ పేరేంటన్నావ్?"

మళ్లీ చెప్పా.

మధ్యాహ్నం భోజనంలో చేమదుంపలూ గొడ్డుమాంసం వేసిన పులుసు. తొగాషి గారు సముద్రం వైపు మనిషి. "మావైపు పందిమాంసం వేస్తాం, సోయాముద్ద వేస్తాం. ఇది పులుసు కాదు, వేణ్నీళ్లు," అంటూనే రెండో గిన్నె పెట్టించుకున్నారు. నేను జోళ్ల సంగతి చెప్పా. ఆయన నవ్వలేదు గానీ కనుబొమ్మలు ఎత్తారు. లేచి వెళ్లారు. దూరం నుంచి చూశా. బూడిదరంగు జోట్లో చెయ్యి పెట్టారు, పెట్టినట్టే కాసేపు ఉంచారు, తీసి జేబురుమాలుతో వేళ్లు ఒక్కోటీ తుడుచుకున్నారు.

తిరిగొచ్చి కూర్చున్నారు. "రాసుకో. జోళ్ల గూళ్లకి గాలి సరిగ్గా ఆడటం లేదు."

గిన్నెలో సగం పులుసు అలాగే వదిలేశారు.

రెండింటికి చివరి మీటింగు, కుమగై గారితో. యాభై రెండో ప్రశ్న, చివరి రోజుల్లో చూసుకోవడం, సాగనంపడం.

"పోయినవాళ్లని ఏ తలుపులోంచి పంపిస్తారండీ?" అన్నా.

"వంటింటి పక్కది. మిగతావాళ్లు లేవకముందే." కాగితం తీసి నుదురు తుడుచుకున్నారు. "చూస్తే దిగులు పడతారు, తర్వాత నేనేనా అని. నేను కొత్తలో పనిచేసిన చోట అలాగే చేసేవాళ్లు. నాకు అదే మర్యాదనిపించింది."

"మరి జోళ్లు? ఇంటివాళ్లకి ఇచ్చెయ్యాలి కదా. ఏడు జతలు ఇంకా ఎందుకు ఉంచారు?"

తొగాషి గారు బల్ల కింద నా కాలు తొక్కారు. కుమగై గారు నుదురు తుడిచిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టారు.

"లోపల చెయ్యి పెట్టారు కదా మీరు," అన్నారు.

నేను తలూపా.

"మూడేళ్ల కిందట, మొదటి జత. అట్టపెట్టెలో పెట్టి కట్టాను, వాళ్లబ్బాయికిద్దామని. పెట్టె ఒళ్లో పెట్టుకుని కార్లో కూర్చున్నా. తొడల మీద వెచ్చగా, పిల్లి పడుకున్నట్టు. స్టార్ట్ చెయ్యలేకపోయాను. తెచ్చి మళ్లీ గూట్లో పెట్టేశా. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమంటారు? రోజూ పొద్దున వచ్చి ముందు చెయ్యి పెట్టి చూస్తాను. ఒకటయ్యింది, రెండయ్యాయి..."

"ఇది మార్కుల్లోకి రాదు," అన్నారు తొగాషి గారు, గొంతు సవరించుకుని.

నేను ఆగలేకపోయా. "ఫుజినో గారు ఊరికే తిరగట్లేదండీ. ఆవిడ లెక్క మీ లెక్క కంటే సరిగ్గా ఉంది. వాళ్లెవరూ ముందు తలుపులోంచి వెళ్లలేదు, అందుకే ఎవరూ ఇంకా వెళ్లినట్టు లెక్క కాదు. వాళ్లని ఒక్కసారి ఆ తలుపులోంచి పంపించండి. ఆవిడ ముందు. ఆ తర్వాత కూడా వెతికితే అప్పుడు తాళం వెయ్యండి."

మాకు సలహాలిచ్చే హక్కు లేదు. అడగాలి, రాయాలి, అంతే. తొగాషి గారు ఫైలు మూసేశారు. తిడతారనుకున్నా. "మూడింటికి చేద్దాం," అన్నారు, "నాలుగింటి బస్సుంది మాకు."

తలుపు రెండు రెక్కలూ బార్లా తీశారు. చలి లోపలికొచ్చి కూర్చుంది. పనివాళ్లు రెండు వైపులా వరసగా నిలబడ్డారు, వంటామె తడిచేతులు ఏప్రానుకి తుడుచుకుంటూ వచ్చింది. చక్రాల కుర్చీల్లో ఉన్నవాళ్లని, నడిచేవాళ్లని, అందర్నీ తీసుకొచ్చారు. కుమగై గారు ఏడు జతలూ తనే దింపి గడప రాయి మీద వరసగా పెట్టారు, బయటికి ముఖం చేసి. కియె గారివి చివర్న. ఫుజినో గారు వంగి, వాటిని వేలెడు ఎడంగా సర్దింది.

"ఆవిడకి కుడికాలు వంకర," అంది.

ఆయన ఒక్కో పేరూ చదివారు, ఏ నెలలో పోయారో, వంటింటి పక్క తలుపులోంచి ఎలా పంపేశారో కూడా చెప్పారు, దాచకుండా. పేరు చదివినప్పుడల్లా మేమంతా నడుం వంచాం. భయపడతారనుకున్న ఆ ఇరవై నలుగురిలో ఎవరూ భయపడలేదు. ఒక పెద్దాయన, కప్పు విసిరినాయనే అనుకుంటా, కుర్చీలోంచే అందరికంటే కిందికి వంగాడు. ఏడో పేరు, ఇగరషి కియె. నేను వంగి ఉండి, నా పాదాలు చూస్తూ, ఏదైనా వినపడుతుందేమో అని ఊపిరి బిగపట్టా. వాన తప్ప ఏమీ లేదు. మెట్టు మీద నీళ్లు చిట్లుతున్నాయి, అంతే.

"జారుతుంది, చూసుకుని వెళ్లు," అంది ఫుజినో గారు.

అందరూ తలెత్తాక ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని బూడిదరంగు జోట్లో చెయ్యి పెట్టింది. రెండోదాన్లో కూడా పెట్టింది. మళ్లీ మొదటిదాన్లో.

"చల్లబడ్డాయి," అంది.

జోళ్లు రెండూ గుండెకి ఆనించుకుని ఏడ్చింది. చప్పుడు లేకుండా, నోరు తెరిచి. పదకొండు రోజులూ కియె ఈ ఇంట్లోనే ఎక్కడో ఉంది ఆవిడకి, ఏ తలుపు వెనకో, ఏ దుప్పటి కిందో. నేను వచ్చి అది కూడా లేకుండా చేశా. పొద్దున్నుంచీ నేను ఏదో గొప్పగా కనిపెట్టానన్న హుషారులో ఉన్నా కదా, అదంతా కాళ్లలోంచి జారిపోయింది.

హనెదా లేపబోయింది. ఆవిడ వద్దని చెయ్యూపి, తనంతట తనే లేచింది. ముఖం తుడుచుకుంది. గూళ్ల దగ్గరికెళ్లి తన జోళ్లు వెతికి, ఎరుపు పట్టీవి, బయటికి తిప్పి పెట్టింది.

"డైరెక్టరూ."

"చెప్పండి ఫుజినో గారూ."

"రోజూ పొద్దున నువ్వు వీటిల్లో చెయ్యి పెట్టడం నేను చూస్తూనే ఉన్నా. నావి కూడా చూస్తూ ఉండు. వెచ్చబడ్డాయా, ఆ వంటింటి తలుపు జోలికెళ్లకు. ఇదే తియ్యి."

"ఇదే తీస్తాను. మీరు పైకి వెళ్లక్కర్లేదు, కిందే ఉండండి."

"పైకెందుకు వెళ్తా? పొద్దున్నుంచి ఏమీ తినలేదు నేను. ఆ పులుసు మిగిలిందా?"

మిగిలిందని వంటామె పరిగెత్తింది.

బస్సు కోసం బయల్దేరుతూ తొగాషి గారు అడిగారు, యాభై రెండుకి ఏం వేశావని. ఖాళీగా ఉంచానన్నా. ఆయన కాలితో బూటు ఎక్కించుకునే తంటాల్లో పడ్డారు. నేను నా బూట్లు తీసుకుని గడప మీద కూర్చున్నా. కాలు పెట్టబోయి ఆగా. ముందు చెయ్యి పెట్టి చూసుకున్నా.

చల్లగానే ఉన్నాయి.