ఈశాన్యం మూల బోల్టు

కోనసీమలో మనిషి నోరు మూయించాలంటే తిట్టక్కర్లేదు, "ఆయ్" అంటే చాలు. ఎదుటివాడి మాట విన్నట్టూ ఉంటుంది, మన పని మన దారిన సాగిపోతూనూ ఉంటుంది. ముత్యాలుకి ఈ కిటుకు పక్షవాతం వచ్చాక గానీ తెలియలేదు. అంతకుముందు ముప్ఫై ఏళ్ళు తాటిపాక సెంటర్లో కారు మెకానిక్ అంటే ఆయనే. ఇప్పుడు కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంటుంది. షెడ్డు అల్లుడు శివశంకర్ చూసుకుంటున్నాడు. మావగారికి ఫ్యాను కింద కుర్చీ, గంటకో టీ, అడిగినదానికీ అడగనిదానికీ ఓ ఆయ్. మర్యాదకేం లోటు లేదు.

ఆ రోజు షెడ్డులో విప్పి ఉన్న కారు కొబ్బరి వ్యాపారి బంగారరాజుది. ఆయన భార్య రత్నానికి కిడ్నీలు పాడైపోయాయి. వారానికి రెండుసార్లు కాకినాడ తీసుకెళ్ళి డయాలసిస్ చేయించాలి. ఆవిడ ప్రాణం ఆ కారు చక్రాల మీదే ఉందనుకోవచ్చు. ఇంజను మీద మూతలా కూర్చునే హెడ్డు కింద, నీళ్ళూ ఆవిరీ కారకుండా పరిచే గాస్కెట్ పోయింది. శివశంకర్ కొత్త గాస్కెట్ పరిచి హెడ్డు కూర్చోబెట్టాడు. ఇక పది బోల్టులు బిగించడమే మిగిలింది.

"కాస్త ఆగండి శివశంకర్ గారూ," అన్నాడు బంగారరాజు. "మొదటి బోల్టు ఈశాన్యం మూలది బిగించమన్నారండి మా సిద్ధాంతిగారు. అదీ వర్జ్యం రాకముందే గట్టిగా బిగించెయ్యాలంటండి."

ముత్యాలు కుర్చీలో ఉలిక్కిపడ్డాడు. "ఇంజనుకి ఈశాన్యం ఏంటండి బంగారరాజుగారూ? కారు ఇటు తిప్పితే ఈశాన్యం అటు పోద్ది. అల్లుడుగారూ, మధ్యలోంచి మొదలెట్టండి. ఎదురెదురుగా బిగించుకుంటా చివరలకి రండి. అదీ ఒక్కసారి కాదండి, కొంచెం కొంచెం, మూడు దఫాలుగా. మూల ముందు బిగిసిందంటే రెండో పక్క లేచి కూర్చుంటాది."

"ఆయ్ మావయ్యగారూ," అన్నాడు శివశంకర్ ఎంతో వినయంగా. అని, ఈశాన్యం మూల బోల్టు మీద రెంచి పెట్టి బలంకొద్దీ బిగించాడు. బంగారరాజు ఇంట్లో జబ్బుమనిషిని పెట్టుకుని అడుగుతున్నాడు, కాదంటే ఏం బాగుంటుందని అతని మొహమాటం.

పనివాడైతే వాడి నెత్తిన ముత్యాలు ఓ మొట్టికాయ వేసి రెంచి లాక్కునేవాడు. ఇతను అల్లుడాయె, గట్టిగా ఒక మాట అనకూడదు. లాక్కుందామంటే చెయ్యి లేవదాయె. "అది వదులు చెయ్యండి బాబూ, ఒక్కసారి నా మాట వినండి," అని బతిమాలాడు. "ఆయ్, అలాగేనండి," అన్నాడు అల్లుడు తల ఎత్తకుండా. బంగారరాజు కొబ్బరికాయ కొట్టి, ఒక చెక్క తెచ్చి ముత్యాలు చేతిలో భక్తిగా పెట్టాడు.

కారు మురమళ్ళ దాకా బాగానే వెళ్ళింది. అక్కడ బోనెట్ లోంచి ఆవిర్లు లేచాయి. రత్నం రోడ్డు పక్కన ఎండలో గంటన్నర కూర్చుంది. ఆటో దొరికి కాకినాడ చేరేసరికి ఆవిడ వంతు వేరేవాళ్ళకి ఇచ్చేశారు. మర్నాడు మధ్యాహ్నానికి గానీ మంచం ఖాళీ కాలేదు. ఆయాసంతో కూర్చోలేక, పడుకోలేక ఆ ఇల్లాలు రాత్రంతా పడ్డ అవస్థ బంగారరాజు చెబుతుంటే ముత్యాలు నేల చూపులు చూశాడు. నేను చెప్పాను కదా అనే మాట గొంతుదాకా వచ్చింది. ఇప్పుడనుకుని ఏం లాభం?

వంకరపోయిన హెడ్డుని శివశంకర్ అమలాపురంలో లేతు మిషను మీద చదును చేయించి తెచ్చాడు. గాస్కెట్, బోల్టులు అన్నీ కొత్తవి. తెల్లారితే రత్నం మళ్ళీ కాకినాడ వెళ్ళాలి. ఈసారి సిద్ధాంతి ఊసే లేదు. శివశంకర్ మావగారి కుర్చీని ఎత్తి తెచ్చి కారు పక్కనే వేశాడు.

"తప్పయిపోయిందండి మావయ్యగారూ. మీరు ఎలా చెబితే అలా చేస్తానండి."

ముత్యాలుకి ప్రాణం లేచివచ్చింది. ఎడమచేతి వేలితో ఒక్కో బోల్టూ చూపించాడు. మధ్యలోది మొదటిది, దానికి ఎదురుది రెండోది. అలా చివరల దాకా ఒక దఫా అయింది, రెండో దఫా అయింది. శివశంకర్ చెప్పింది చెప్పినట్టే చేశాడు.

"ఆఖరి దఫా అండి. ఎంత బిగించమంటారు?"

"సరిపడా బిగించండి."

"సరిపడా అంటే ఎంతండి?"

ఎంత బిగిసిందో అంకె చూపించే టార్క్ రెంచి కొందామని రెండేళ్ళ కిందట అడిగింది ఈ అల్లుడే. "చెయ్యి తిరిగిన వంటవాడు ఉప్పు తూకం వేస్తాడేంటండి," అని పదిమందిలో నవ్వేశాడు ముత్యాలు. రాజోలు షెడ్డులో ఒకటి ఉందంటే ఇందాక మనిషిని పంపారు. అక్కడ తాళం వేసి ఉందట. ఫోన్లో చూస్తే ఒకడు ఒక అంకె, ఇంకొకడు ఇంకో అంకె చెబుతున్నాడు. ముత్యాలు బిగించిన హెడ్డు ఇంతవరకూ కారలేదు. ఎక్కడ ఆపాలో ఆ కుడి మణికట్టుకి తెలుసు, ఆయనకి తెలీదు.

"లాగండి," అని అల్లుడి ముంజేతి మీద ఎడమచెయ్యి వేశాడు. శివశంకర్ లాగాడు. కండ బిగుసుకోవడం తెలుస్తోంది గానీ, అడుగున బోల్టు సంగతి ఏమీ తెలియడం లేదు. ఎక్కువైతే తెగుతుంది. తక్కువైతే మళ్ళీ నడిరోడ్డు మీద ఆవిర్లు. "ఇంకొంచెం... ఆగండి... కాదు, ఇంకొంచెం..." కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి రెంచి మీద పెట్టాడు. వేళ్ళు జారి కిందికి వేలాడాయి.

కారు సంగతి కనుక్కోవడానికి వచ్చిన రత్నం గుమ్మం దగ్గర బెంచీ మీద ఉబ్బిన కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ఆవిడకి అక్కణ్ణుంచి ముత్యాలు వీపే కనిపిస్తోంది.

"మీ చెయ్యి పడిందంటే ఇంక నాకు బెంగ లేదు అన్నయ్యగారూ," అంది.

అల్లుడు రెంచి పట్టుకుని ఆయన మొహంలోకి చూస్తున్నాడు.

"చాలండి. రెండోది పట్టుకోండి," అన్నాడు ముత్యాలు. చాలిందో లేదో ఆయనకి తెలీదు.