నా అబద్ధాన్ని నమ్మిన పిల్ల

బర్కా ఖర్జూరపు తోటలో నేను కోసే కోతల మీద పన్ను వేసి ఉంటే, ఒమాన్‌కు చమురు తవ్వుకునే శ్రమ తప్పేది. వాటిని అక్కడికక్కడే పట్టేసేది ఒక్కతే. తోట పక్కన కొట్టు నడిపే కడప జిలాని కూతురు అల్ఫియా. పదహారేళ్లు. ఒంటెను కుట్టి తేలే చచ్చిందని నేనంటే, "తేలుకు పోస్టుమార్టం ఎవరు చేసినారు తాతా?" అని అడిగే రకం.

చలికాలం నుంచి ఆ పిల్ల కొట్టులోకి రావడం మానేసింది. మార్కులు పడిపోయాయి. స్నేహితురాళ్ల ఫోన్లు ఎత్తదు, తల దువ్వుకోదు, రాత్రంతా మేలుకుంటుంది. "వయసు" అన్నాడు జిలాని. "ఫోను" అంది వాళ్లమ్మ షబానా. కాబోలనుకున్నాను.

మొన్న నిమ్మకాయలు ఇవ్వడానికి వాళ్లింటికి వెళ్లి అల్ఫియా గదిలోకి తొంగి చూశాను. కిటికీకి అట్టముక్కలు, ఏసీ కంతల్లో గుడ్డలు. జూన్ నెల! గది పొయ్యిలా ఉంది. నవ్విద్దామని, "మా తోటలో చెట్లు నన్ను తిడతాండాయి మే, నీళ్లు చాల్లేదంట" అన్నాను.

నవ్వలేదు. "నీకూ వినపడ్తాందా? నన్నయితే పేరు పెట్టి పిలుస్తాండారు. ఏసీలోంచి గూడా."

నా కోతను ఒక మనిషి నమ్మడం అదే మొదలు.

"జిలానీ, ఆస్పత్రికి తీస్కపో. ఇది మొండితనం కాదు, జబ్బు" అన్నాను బయటికొచ్చి.

"తేలుకు శవయాత్ర చేసిన మనిషివి, నీ మాట నమ్మాల్నా చిన్నాయనా?" అంటూ అతను గది తలుపుకు బయట గొళ్లెం పెట్టాడు. "కొట్టు యజమానికి తెలిస్తే వీసా పీకేస్తాడు. మెడలో కట్టను తావీదు తెప్పిస్తాండా. అంతవరకూ లోపలే ఉండనీ."

అప్పటిదాకా గోడకానుకుని నిలబడిన షబానా నోరు తెరిచింది. "మా తమ్ముడూ ముందు కిటికీలే మూసినాడు. మేమూ తావీదులే కట్టినాం. డాక్టరు కాడికి పోయేసరికి బాగా ముదిరిపాయ. నీకెప్పుడూ చెప్పల్యా."

జిలాని చెయ్యి గొళ్లెం మీదే ఆగిపోయింది. షబానాయే దాన్ని లాగింది. తలుపు కదల్లేదు. లోపలా గడియ పడి ఉంది.

"తాతా, నన్ను పిలిచేటోళ్లు బయటే ఉండారా?" లోపల్నుంచి అడిగింది అల్ఫియా.

అందరినీ మస్కట్ దాకా తరిమేశానన్న కోత నాలుక చివరికొచ్చింది. మింగేశాను.

"నాకు వినపడ్డంలేదమ్మా. నీకు వినపడ్తాందంటే నమ్ముతా. శానా భయంగా ఉంటాది గదా. డాక్టరుకు చెప్దాం. నేను నీ పక్కనే కూర్చుంటా."

లోపల అడుగులు తలుపు దాకా వచ్చాయి.

"కార్లో ఏసీ వెయ్యకూడదు."

"వెయ్యం."

గడియ తీసింది. జిలాని మిట్టమధ్యాహ్నం కొట్టు షట్టరు దించాడు. అల్ఫియా వెనక సీటు కింద, మా కాళ్ల దగ్గర ముడుచుకుంది. అద్దాలు దించనివ్వలేదు. నలుగురం ఆవిరికుడుముల్లా ఉడుకుతూ బయల్దేరాం.

"డాక్టరుకు ఏమని చెప్పాల చిన్నాయనా?" అద్దంలో నన్ను చూస్తూ అడిగాడు జిలాని.

"నీ బావమరిదితో మొదలుపెట్టు" అన్నాను.