తూర్పు వైపు బోడిగోడ

ఎల్డన్ కోర్టు భవనం మీది గడియారానికి ముఖాలు మూడే. తూర్పు వైపు ఉత్త బోడిగోడ. అటు ఏటికి అవతల మార్లో ఊరుంది. జిల్లా కేంద్రంలా కోర్టూ కచేరీలూ ఉండే కౌంటీ కేంద్రం ఎవరిదన్న పోట్లాటలో ఎప్పుడో మార్లో ఓడిపోయింది. మన డబ్బుతో పెట్టిన గడియారంలో వాళ్లెందుకు టైము చూడాలని ఆనాటి పెద్దలు అటు వైపు ముఖం పెట్టనేలేదు. ఎల్డన్ వాళ్లకి అది ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకునే సంగతి. అక్కడే పుట్టి పెరిగిన వెర్నాకైతే గర్వం కూడా.

గర్వపడటానికి మిగిలింది అదొక్కటే మరి. హైవే మార్లో మీదుగా పోయింది, ఆసుపత్రి అక్కడే కట్టారు. వంతెనకి ఈ చివర ఎల్డన్ బోర్డు మీద జనాభా 1,140 అని ఉంటుంది. అది పాత లెక్క. ఆ తరవాత పోయినవాళ్లు పోయారు, వెళ్లిపోయినవాళ్లు వెళ్లిపోయారు, కానీ బోర్డు మార్చడానికి ఎవరికీ చేతులు రాలేదు. ఆ చివర మార్లో బోర్డు మీద 6,300. దానికి ఏటా కొత్త రంగు వేస్తారు. కారులో అది దాటినప్పుడల్లా వెర్నా మొహం తిప్పుకుంటుంది.

ఆ ఆరువేల చిల్లరలో ఆమె చెల్లెలు ఆర్డిస్ ఒకతి. గోధుమ కోతల పండగలో రస్సెల్ అనే కుర్రాడు మొదట డాన్సుకి పిలిచింది వెర్నాని. పెళ్లాడింది మాత్రం ఆర్డిస్‌ని. వెర్నా ఎల్డన్‌లోనే ఉండిపోయి, బళ్లో లెక్కలు చెప్పి రిటైరై, ఇప్పుడు ఊరి కౌన్సిల్లో కూర్చుంటోంది. ఆర్డిస్‌కి ఏటి గట్టు మీద ఇల్లు, పిల్లలు, మనవలు. రస్సెల్ పోయి రెండేళ్లయినా వెర్నా కడుపుమంట మాత్రం చల్లారలేదు.

ఆ ఏడాది కౌంటీ కేంద్రాన్ని తమ ఊరికి మార్చాలని మార్లో వాళ్లు ఓటింగు పెట్టించారు. ఐదింట మూడు వంతుల ఓట్లు పడితే చాలు, ఎల్డన్ పని అయిపోయినట్టే. కౌన్సిల్ పెద్ద మైలో తిన్నగా వెర్నా ఇంటికే వచ్చాడు.

“మీ చెల్లి అక్కడి చర్చి పాటల బృందానికి పెద్ద. ఆవిడ ఒక్క మాటంటే వంద ఓట్లు ఇటు తిరుగుతాయి. వెళ్లి అడుగు.”

“నేనా? దాన్ని అడుక్కోవాలా?”

“అడుక్కుంటావో, చెవి మెలిపెడతావో నీ ఇష్టం. కేంద్రం పోతే కోర్టు పోతుంది. కోర్టు పోతే లాయర్లు పోతారు, వాళ్లు కాఫీ తాగే హోటలూ పోతుంది. ఆఖరికి బోర్డు మీద నువ్వూ నేనూ మిగుల్తాం. అప్పుడు ఎవరి మీద ఎవరం పోటీ చేస్తామో చూడు.”

వెర్నా చెర్రీ కేకు చేసుకుని వంతెన దాటింది. ఆర్డిస్ కేకు కోస్తూ అంతా విని, తాపీగా అంది: “సరే అక్కా. పని చేసిపెడతా. కానీ ముందు మా వైపు గడియారం పెట్టించు.”

వెర్నాకి ఒళ్లు మండిపోయింది. “హైవే మీకే, ఆసుపత్రి మీకే, రస్సెల్ కూడా నీకే. మాకు మిగిలింది ఆ గోడ. అదీ కావాల్సొచ్చిందా నీకు?”

ఆర్డిస్ చేతిలో కత్తి ఆగిపోయింది. “ఇన్నేళ్లూ ఇదా నీ మనసులో పెట్టుకున్నది?”

“ఆ, ఇదే. ఏం, తెలియనట్టు మాట్లాడతావు?”

“ఇలా రా.” ఆర్డిస్ ఆమెని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. “ఆయన పోయాక రోజూ పొద్దున్నే ఇక్కడే కూర్చుంటున్నా. ఎదురుగా నేను పుట్టిన ఊరు. చూడు, నాకు వీపు చూపించి ఎలా నిలబడిందో. ఇంట్లో నీతో పడలేక అటు వెళ్లి కూర్చునేదాన్ని కదా ఆ కోర్టు మెట్ల మీద? అవీ కనబడవు, టైమూ కనబడదు. నీకు నామీద ఏడుపని నాకు తెలుసే. ఆ ఊళ్లోనే ఉండిపోయావని నాకు నీ మీద ఏడుపని నీకు తెలుసా?”

వెర్నా కిటికీలోంచి చూసింది. ఆ గోడ అక్కడి నుంచి ఇంత వికారంగా ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

కౌన్సిల్లో వాదనలు గట్టిగానే జరిగాయి. తాతల మాట తప్పుతామా అని ఒకాయన బల్ల గుద్దాడు. ఓట్లు చెరిసగమై, ఆఖర్న తేల్చే చెయ్యెత్తాల్సింది వెర్నా. ఎత్తింది. సంతోషంగా కాదు, పళ్లు కొరుక్కుంటూనే ఎత్తింది.

చలికాలం ముందే తూర్పు గోడకి నాలుగో ముఖం వచ్చింది. ఆర్డిస్ మాట నిలబెట్టుకుంది. కొద్ది ఓట్ల తేడాతో కేంద్రం ఎల్డన్‌కే ఉండిపోయింది. మర్నాడు పొద్దున్నే ఫోను మోగింది. “అక్కా, టిఫినుకి రా. పని ఉంది.”

వెర్నా వెళ్లేసరికి కిటికీ ముందు రెండు కుర్చీలు వేసి ఉన్నాయి. అప్పుడే ఎక్కిన ఎండ గడియారం మీద పడి ముళ్లు మెరుస్తున్నాయి. కింద ఏరు, పైన గడియారం బురుజు, మధ్యలో ఏ అడ్డూ లేదు. ఎల్డన్‌లో అయితే దక్షిణం వైపు చెట్లు కప్పేస్తాయి, ఉత్తరం వైపు ధాన్యం గోదాము అడ్డం, పడమర వైపు చూడటానికి శ్మశానంలో ఉన్నవాళ్లు తప్ప ఎవరూ లేరు. పుట్టి బుద్ధెరిగాక వెర్నా తన ఊరి గడియారాన్ని నిండుగా చూడటం అదే మొదలు.

“ఇక్కణ్ణుంచే బాగుందే!” అంది. “మాది మాకంటే మీకే బాగా కనబడుతోంది.”

“ఏం, ఏడుపొస్తోందా?”

“రాదూ మరి?”

“అయితే రోజూ పొద్దున్నే రా. ఇక్కడే కూర్చుని ఏడుద్దువుగాని.” ఆర్డిస్ కాఫీ కప్పు అందించింది.

వెర్నా కప్పు అందుకుని కూర్చుంది. కూర్చున్నాక కుర్చీని కిటికీ వైపు జరుపుకుంది, చెల్లెలి కుర్చీ కంటే కాస్త ముందుకి.