కుంగని మెట్టు

సొరంగం తవ్వే యంత్రం సముద్రం అడుగుకు పోయేముందు ఒడ్డునున్న ఇళ్ల కిందుగా పోవాలి. అక్కడ నేల ఎనిమిది మిల్లీమీటర్లు కుంగుతుందని, ఆ ఇళ్లలోనే ఒకదాంట్లో అత్తగారితో ఉంటూ ఈ పనిలో ఇంజనీరుగా చేస్తున్న కోడలు లెక్కగట్టింది. ఆ లెక్క తప్పితే పని ఆపేస్తానన్నాడు పెద్ద ఇంజనీరు.

యంత్రం దాటిపోయాక, ఇళ్ల మెట్లకు ముందే దిగ్గొట్టిన ఇత్తడి మేకుల ఎత్తు కొలిచారు. అన్నీ చెప్పినట్టే దిగాయి. కోడలి సొంతింటి మేకు మాత్రం పన్నెండు మిల్లీమీటర్లు పైకి లేచింది!

"ఏమ్మా, మీ ఇల్లు ఎగురుతోందా?" అన్నాడు పెద్ద ఇంజనీరు. కోడలు మేకు ఎత్తు మళ్లీ కొలిచింది. అదే పన్నెండు.

అత్తగారు తలుపు తీసుకుని బయటికొచ్చింది. "నేల కుంగుతుందని నువ్వు కుంగిపోతుంటే చూడలేకపోయానే తల్లీ. మేస్త్రీని పిలిచి మెట్టు కాస్త లేపించా. నీ మేకు ఎక్కడికీ పోలేదులే, పీకి మళ్లీ పైన కొట్టించా."

"అయ్యో అత్తయ్యా, ఎంత లేపించారు?"

"బొటనవేలి మందం."

పెద్ద ఇంజనీరు వంగి కొత్త సిమెంటు మందం కొలిచాడు. సరిగ్గా ఇరవై. అందులోంచి పన్నెండు తీసేస్తే ఎనిమిది. ఆయన పగలబడి నవ్వాడు.

"సముద్రం కిందికి దిగుదాం పదమ్మా. అక్కడ మీ అత్తగారు మెట్లు కట్టించకుండా ఉంటే చాలు!"