సగమే పెరిగిన చుక్క

ఆ ఇంట్లో రేడియో అన్నది ఆరేళ్ళ పిల్లాడి ముద్దుపేరు. నిద్ర లేచింది మొదలు మళ్ళీ కునుకు పట్టేదాకా వాడి నోటికి తాళం పడదు. పోనీ సొంత మాటలా అంటే అదీ కాదు, ఎప్పుడూ ఎదుటివాళ్ళ మాటలే. అమ్మ స్నానానికి రమ్మంటే వాడు చెల్లెలి భుజం తట్టి, మొహంలో మొహం పెట్టి, "స్నానానికి రమ్మంటోంది" అంటాడు. నాన్న చెప్పులు లోపల పెట్టమన్నా అంతే. చెల్లెలంటే వాడి వెనకాలే కాసేపు ఆలస్యంగా పుట్టిన కవల. దాన్ని అందరూ చిన్నది అంటారు. ఎప్పుడో ఒకటి రెండు ముక్కలు తప్ప మాట్లాడదు కాబట్టి, నోట్లో నాలుక లేని పిల్ల అని చుట్టాల్లో దానికి మంచి పేరు. అన్న గలగలా వాగుతుంటే చెల్లెలు నెమ్మదిగా ఉందంటే ఎవరికైనా ముచ్చటేస్తుంది గానీ అనుమానం ఎందుకొస్తుంది?

స్కూల్లో టీచరుకు మాత్రం ఈ ముచ్చట తలనొప్పి అయి కూర్చుంది. పాఠం చెబుతున్నంతసేపూ రేడియో పక్కకు తిరిగి చెల్లెలితో గుసగుసలు. బెంచీ ఎక్కించింది, గోడవైపు తిప్పి నిలబెట్టింది, లాభం లేకపోయింది. చివరికి తల్లిని పిలిపించి, ఇద్దరినీ వేరువేరు సెక్షన్లలో వేస్తే తప్ప వీడి నోరు మూతపడదని తేల్చి చెప్పింది. తల్లి మారుమాట లేకుండా సరే అంది. వాడి మోతకు ఇంట్లో ఆమె చెవులూ చిల్లులు పడుతూనే ఉన్నాయి.

విడదీశాక రేడియో నిజంగానే మూగబోయాడు. కానీ చిన్నది మరో పిల్ల అయిపోయింది. పుస్తకం తియ్యమంటే తియ్యదు. పిలిస్తే కిటికీలోంచి చూస్తూ ఉంటుంది. అందరూ లేచాక లేస్తుంది, అందరూ కూర్చున్నాక కూర్చుంటుంది. కొత్త టీచరు కబురు పెట్టింది. పిల్ల తెలివి తక్కువదైనా అయి ఉండాలి, మొండిఘటమైనా అయి ఉండాలి, నెలాఖరు పరీక్షల్లో కూడా ఇదే వరస అయితే కింది తరగతిలో కూర్చోబెట్టక తప్పదంది. పైగా అలా దిగిన పిల్లలు మళ్ళీ పైకి రావడం తను పెద్దగా చూడలేదని కూడా చెప్పింది. ఆ సాయంత్రం తల్లి చిన్నదాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఎందుకిలా మొండికేస్తున్నావని నిలదీసింది. పిల్ల ఆమె పెదాలవంకే చూస్తూ తలూపింది, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. తల్లి ఆ నీళ్ళను కూడా మొండితనం కిందే జమకట్టింది.

విడ్డూరమేమిటంటే, ఎవరు ఏ పని చెయ్యలేకపోతున్నారో కనిపెట్టడమే ఆ తల్లి ఉద్యోగం. కాకపోతే ఆవిడ పనిచేసే ల్యాబులో ఉండేది పిల్లలు కాదు, బాక్టీరియా. ఆ బాక్టీరియాలో పనేమిటో ఎవరికీ తెలియని జన్యువులు బోలెడున్నాయి. ఒక్కో జన్యువును చెడగొట్టి ఒక్కో రకాన్ని తయారుచేస్తారు. వాటిని మ్యూటెంట్లంటారు. వాటిని చలిలో పెట్టి, ఉప్పులో పెట్టి, చప్పిడి మేత పెట్టి నానా హింసా పెడతారు. చలికి ఒకటి చతికిలబడిందంటే, దాంట్లో చెడిన జన్యువుకు చలిని తట్టుకోవడంతో ఏదో సంబంధం ఉన్నట్టు లెక్క.

ల్యాబు పెద్దాయన మంచివాడే గానీ ప్లేట్ల దగ్గర మహా పిసినారి. మూత ఉన్న ప్లాస్టిక్ ప్లేట్లలో జెల్లీలా గడ్డకట్టే మేత పోసి, పిన్నులు గుచ్చిన పలకతో మ్యూటెంట్లను చుక్కలు చుక్కలుగా అద్దుతారు. ఆ చుక్కల మధ్య చీమ దూరే సందు కూడా ఉండకూడదని ఆయన పట్టు. ఒక ప్లేటుతో పోయేదానికి రెండు వాడితే ఆయన ప్రాణం గిలగిల్లాడుతుంది. అలా కిక్కిరిసిన ప్లేట్లమీదే చప్పిడి మేత పరీక్ష అయిపోయింది. చక్కెర, కాసిని లవణాలు తప్ప ఏమీ లేని ఆ మేతమీద కూడా అన్నీ శుభ్రంగా పెరిగాయని అందరూ చేతులు దులుపుకున్నారు.

నెలాఖరు దగ్గరపడుతుండగా, చప్పిడి మేత పరీక్షను మరోసారి చేసిన జూనియర్ అమ్మాయి పిల్లల తల్లి దగ్గరికి ఒక ప్లేటు పట్టుకొచ్చింది. పలకలో కొన్ని పిన్నులు వంగిపోయి ఒక వరస అసలు అద్దుకోలేదు. ఆ ఖాళీ వరసను ఆనుకుని ఉన్న చుక్కల్లో ఒకటి వింతగా ఉంది. పొరుగు చుక్కల వైపు నెలవంకలా పెరిగింది, ఖాళీ వైపు బోడిగా ఉండిపోయింది. ఆ పిన్ను కూడా సరిగ్గా ఆనలేదని, ప్లేటు పారేద్దామని జూనియర్ అంది. సరేననబోయి తల్లి మళ్ళీ ఒకసారి చూసింది. తప్పు పిన్నుదే అయితే ఏ సగమైనా పోవచ్చు. సరిగ్గా పొరుగు లేని సగమే ఎందుకు పోవాలి?

పెద్దాయన చెవిన వెయ్యకుండా ఆ మ్యూటెంటుకు ఒక ప్లేటు మొత్తం రాసిచ్చేసింది. అదే చప్పిడి మేత, నడిమధ్యన ఒకే చుక్క, చుట్టూ ఎవరూ లేరు. ఎన్నాళ్ళు చూసినా అద్దిన మచ్చ అద్దినట్టే ఉంది. చచ్చిపోయిందేమోనని జూనియర్ పెదవి విరిచింది. తల్లి మాత్రం ఇంకో ప్లేటు తీసి, మచ్చ చుట్టూ కాస్త ఎడంగా రకరకాల విటమిన్లు ఒక్కో బొట్టు వేసింది. మర్నాటికి ఒక బొట్టువైపు మాత్రం నెలవంక లేచింది. ఆ విటమిన్‌ను తయారుచేసుకోవడమే ఆ జన్యువు పని. అది చెడినా ఇన్నాళ్ళూ ఎవరి కంటా పడలేదు.

జూనియర్ ప్లేటును వెలుతురుకు ఎత్తి చూస్తూ అంది. "పాపం, ఇది బాగానే ఉందనుకున్నాం మేడం. పక్కవాళ్ళు అందిస్తుంటే బతికేస్తోంది. వాళ్ళని తీసేస్తే గానీ మనకి తెలీలేదు."

ఎగిరి గంతెయ్యాల్సిన చోట తల్లికి ఇల్లు గుర్తొచ్చింది. భుజం తట్టే చిన్న చెయ్యి గుర్తొచ్చింది. మొహంలో మొహం పెట్టి చెప్పే మాటలు గుర్తొచ్చాయి. తన పెదాలను వదలకుండా చూసిన ఆ కళ్ళు గుర్తొచ్చాయి. పెద్దాయనకు శుభవార్త చెప్పే పని జూనియర్‌కి అప్పగించి, సంచీ భుజాన వేసుకుని ఇంటిదారి పట్టింది.

పిల్లలిద్దరూ గుమ్మానికి వీపు పెట్టి నేలమీద బొమ్మలు వేసుకుంటున్నారు. ఆమె గుమ్మంలోనే ఆగి, చిన్నదాన్ని పాలు తాగుతావా అని అడిగింది. రేడియో చెల్లెలి మోచెయ్యి తట్టాడు. చిన్నది తిరిగి చూసి నవ్వింది. అప్పుడామె రేడియోను వాళ్ళ నాన్నతో దుకాణానికి పంపేసి, పిల్ల మళ్ళీ బొమ్మలో పడ్డాక, అదే గుమ్మంలోంచి, అదే గొంతుతో, అదే మాట అడిగింది. పెన్సిలు ఆగలేదు. ఇంకాస్త గట్టిగా అడిగింది. చిన్నది నీలం రంగు వెతుక్కుంటోంది. తల్లి అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు కూడా పిల్లకు వినబడలేదు.

దుకాణం నుంచి వచ్చిన రేడియోను ఒళ్ళోకి లాక్కుని, చెల్లెలికి వినబడదని నీకు తెలుసా అని అడిగింది. తెలుసన్నట్టు వాడు తలూపాడు.

"మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదు నాన్నా?"

వాడికి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "నేను చెప్తున్నాగా దానికి" అన్నాడు.

తల్లి వాడి వీపు నిమిరింది. గోడవైపు తిప్పి నిలబెట్టినప్పుడు క్లాసంతా చూసి నవ్విన వీపు అది. తనూ వాణ్ణి ఎన్నిసార్లు నోరు ముయ్యమందో తలుచుకుంటే ఆమెకు సిగ్గేసింది.

చెవుల డాక్టరు రాసిచ్చిన కాగితం చూసి కొత్త టీచరు నొచ్చుకుంది. కింది తరగతి మాట మళ్ళీ ఎత్తలేదు. ఇద్దరినీ తనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి తన క్లాసులో ముందు బెంచీమీద పక్కపక్కన కూర్చోబెట్టింది.

చిన్నదాని చెవులకు మిషన్లు పెట్టిన రోజు రేడియో కూడా వెంట వెళ్ళాడు. తలుపు గడియ చప్పుడుకే చిన్నది ఉలిక్కిపడింది. డాక్టరు వెనక్కి వెళ్ళి నిలబడి మెల్లగా పేరు పెట్టి పిలిచాడు. అలవాటు కొద్దీ రేడియో చెయ్యి చెల్లెలి మోచేతివైపు వెళ్ళింది. వాడు తట్టేలోపే అది గిర్రున తిరిగింది. తల్లి ఆనందానికి హద్దు లేదు. వాడు మాత్రం ఆ చేతిని మెల్లగా వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చే బస్సులో వాడు కిక్కురుమనలేదు. ఏమైందిరా అని తల్లి బుగ్గ పట్టుకుంటే కిటికీవైపు తిరిగి గొణిగాడు. "ఇంక నేను దానికేం చెప్పాలి?"

ఏం చెప్పినా అబద్ధమే అవుతుందని తల్లికి అనిపించింది. వెనక సీట్లో ఉన్న చిన్నది బస్సు మోతలో కూడా ఆ గొణుగుడు పట్టేసింది. ముందుకు వంగి వాడి భుజం తట్టింది.

"నీ మాటలు చెప్పు" అంది.

దిగాల్సిన స్టాపు వచ్చేదాకా వాడు తన మాటలేమిటా అని ఆలోచిస్తూనే ఉన్నాడు.