పెట్‌వే రేకు తొట్టి

“తనంతట తానే తప్పుకున్నాడు” అని కాగితం మీద అచ్చేసి పంచారు. అబద్ధం. కాలేజీ పాలకమండలి పెద్దలారా, చందాలిచ్చి గుడారం నీడన కూర్చున్న దొరలారా, ఇనప మంచె మీద మైకు పట్టుకుని నిలబడ్డ పెద్ద కోచ్ హెన్స్‌లీ, డెల్మార్ పెట్‌వేని మీరే గెంటారు. ఎందుకు గెంటారో మీకు తెలుసు. మిగతావాళ్లు కూడా తెలుసుకోవాలి.

ఆ శనివారం తెల్లవారి ఆరింటికి పెట్‌వే మైదానం గీత పక్కన మోకాళ్ల మీద ఉన్నాడు. ముందర గొడ్లు నీళ్లు తాగే రేకు తొట్టి. పెద్ద మనిషి కాళ్లు చాపుకుని పడుకోవచ్చు అందులో. రబ్బరు గొట్టంతో నీళ్లు పట్టి, ఐస్ బస్తాలు పళ్లతో చింపి గుమ్మరించి, విరిగిన పడవతెడ్డుతో కలిపాడు. భార్య ఒడెస్సా వంటింట్లోంచి ఎత్తుకొచ్చిన థర్మామీటర్ ముంచి చూసుకున్నాడు. తల ఊపి లేచాడు. లేస్తుంటే కుడి మోకాలు ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడు చేసింది. యాభై ఎనిమిదేళ్లు. మెడ మీద తడి తువ్వాలు, దాని మీద నల్లతాడుకి విజిల్. ఎడమచేతి చివరి రెండు వేళ్లు ఆడే రోజుల్లో విరిగి, వంకరగానే అతుక్కున్నాయి.

ముప్పై ఒక్క ఏళ్లు అమెరికన్ ఫుట్‌బాల్ సహాయ కోచ్. తొమ్మిది కాలేజీలు. ఎక్కడైనా ఒకటే పని: ముందువరస. అంటే బంతి మోసేవాడికి అడ్డుగోడలా నిలబడే ఐదుగురు బండమనుషులు. వాళ్లు బంతి ముట్టుకోరు, వాళ్ల పేర్లు ఎవరూ అరవరు. వాళ్లకి నేర్పేవాడి పేరు అసలే అరవరు. టీమ్ ఓడితే పెద్ద కోచ్‌ని తీసేస్తారు, వాడితోపాటు సహాయకుల్నందర్నీ ఊడ్చేస్తారు. కొత్తవాడు తన మనుషుల్ని తెచ్చుకుంటాడు. అందుకే ఒడెస్సా అట్టపెట్టెలు పారెయ్యదు, మడిచి మంచం కింద పెడుతుంది. తొమ్మిది కాలేజీల ఫొటోల్లోనూ పెట్‌వే చిట్టచివరే ఉంటాడు. రెండింట్లో ఫొటో అంచుకి భుజం తెగిపోయింది.

ఆ తొట్టి మాత్రం ఏ కాలేజీదీ కాదు. పెట్‌వే సొంతం. పంతొమ్మిదేళ్ల కిందట ఇలాంటి ఆగస్టులోనే టెరెల్ అస్సరీ అనే కుర్రాడు వడదెబ్బకి పరుగులో తూలాడు. “లేపండ్రా వాణ్ణి! గీత దాటించండి!” అని అరిచింది పెట్‌వేయే. లేపారు. దాటించారు. మూడోరోజు ఆసుపత్రిలో కుర్రాడు పోయాడు. పెట్‌వేని ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ వారమే దాణా కొట్టుకి వెళ్లి, వడదెబ్బ తగిలినవాణ్ణి వెంటనే ఐసులో ముంచడానికని ఈ తొట్టి కొని ట్రక్కులో వేసుకున్నాడు. అప్పట్నుంచి అది ఐదు కాలేజీలు తిరిగింది.

పదింటికి మార్లీన్ వచ్చింది. ఆటగాళ్ల దెబ్బలూ జబ్బులూ చూసేది ఆమే.

“నీ తొట్టి షెడ్డు వెనక్కి దొర్లించారు డెల్మార్. నీళ్లన్నీ పారబోశారు.”

“ఎవరు?”

“ఎవరంటావేంటి? మంచె మీదాయన. ఇవాళ చందాదార్లు చూడ్డానికొస్తున్నార్ట. గొడ్ల తొట్టి కనపడితే పరువు పోతుందిట. సాధన కూడా మధ్యాహ్నం మూడింటికి మార్చాడు, దొరలు పొద్దున్నే లేవలేరుగా!” గొంతు తగ్గించింది. “జార్విస్‌కి రాత్రినుంచీ వాంతులు. ఇవాళ దించొద్దన్నా. ‘నీ పని కట్లు కట్టడం. టీమ్ కట్టడం నా పని’ అన్నాడు.”

జార్విస్ టాలివర్ ముందువరసలో ఎడమ చివరివాడు. నూట నలభై కిలోలు, పంతొమ్మిదేళ్లు. అమ్మమ్మ పెంచిన పిల్లాడు.

పెట్‌వే నేరుగా హెన్స్‌లీ గదికి వెళ్లాడు. హెన్స్‌లీకి నలభై కూడా లేవు.

“కోచ్, జార్విస్‌ని ఇవాళ కూర్చోబెట్టండి. తొట్టి మైదానంలోనే ఉండనివ్వండి.”

“డెల్మార్, తొట్టి కనపడితే పిల్లలు పడిపోడానికి చోటుందనుకుంటారు. నాకు పడిపోయేవాళ్లు అక్కర్లేదు.”

“పడిపోవడం వాళ్ల చేతుల్లో ఉండదు కోచ్.”

“నీ చేతుల్లో ఏముందో అది చూసుకో. ఇంకో మాట. పరుగులప్పుడు విజిల్ నా ఒక్కడిదే. గుర్తుందిగా?”

“ఉంది.”

ఈ వయసులో తనకి పదో కాలేజీ దొరకదని కూడా గుర్తుంది.

భోజనాల వేళ పెట్‌వే షెడ్డు వెనక ఉన్నాడు. తిరగేసిన తొట్టిని నిలబెట్టి, మళ్లీ గొట్టం, మళ్లీ ఐసు, మళ్లీ తెడ్డు. ఒడెస్సా ఫోన్ చేసింది.

“తిన్నావా?”

“తిన్నా.”

“ఏం తిన్నావ్?”

“ఏదో ఒకటి తిన్నాలేవే,” అని పెట్టేశాడు. మైదానం గీత నుంచి తొట్టికి ఎంత దూరమో నడిచి చూశాడు. తొంభై నాలుగు అడుగులు. ఎక్కువ. చాలా ఎక్కువ.

నాలుగున్నరకి అడ్డపరుగులు మొదలయ్యాయి. మైదానం అడ్డంగా వెళ్లి రావడం, పది సార్లు. కట్టుబాటు ఏమిటంటే ముందువరస ఐదుగురూ గంట కొట్టేలోపు గీత దాటాలి. ఒక్కడు వెనకపడినా ఆ పరుగు లెక్కలోకి రాదు, అందరూ మళ్లీ పరిగెత్తాలి.

ఐదో పరుగు అయ్యాక జార్విస్ కళ్లు పెట్‌వే మొహం మీద నిలవలేదు.

“జార్విస్, ఇది ఎన్నోదిరా?”

“మంగళవారం సార్.”

పక్కనున్న వ్యాట్ నవ్వాడు. “ఒరేయ్ ఎనుబోతా, లెక్క మర్చిపోయావా!”

పెట్‌వే నవ్వలేదు. మంచె వైపు రెండు చేతులూ ఊపాడు. మైకు గరగరలాడింది. “ఆరు! కదలండి!”

కదిలారు. అవతలి గీత తాకి తిరిగొస్తుండగా జార్విస్ మోకాళ్లు మడతపడ్డాయి. వ్యాట్ ఒక చంక కింద, డాంట్రెల్ ఇంకో చంక కింద దూరారు. జార్విస్ బూట్ల ముక్కులు గడ్డి మీద రెండు చాళ్లు గీస్తున్నాయి. వాళ్లు మంచి పిల్లలు. స్నేహితుణ్ణి మోస్తున్నామనే అనుకున్నారు.

“అదీ అన్నదమ్ములంటే!” అంది మైకు. గుడారం కింద చప్పట్లు. “లాక్కురండి! దాటించండి!”

పెట్‌వే విజిల్ నోట్లో పెట్టుకుని ఊదాడు. గుండెల్లో ఉన్న గాలంతా ఊదాడు. మైదానం మొత్తం ఆగిపోయింది.

“ఎవడ్రా అది?” అని మైకు అరిచింది.

“గీత వదిలెయ్యండ్రా!” పెట్‌వే కుంటుతూ పరిగెడుతున్నాడు. “ఇటు! షెడ్డు వెనక్కి! నలుగురూ పట్టండి, కాళ్లూ పట్టండి!”

“డెల్మార్! ఆగు!”

వాళ్లు ఒక్క క్షణం మంచె వైపు చూశారు. తర్వాత పెట్‌వే వైపు చూశారు. ఎత్తారు.

తొంభై నాలుగు అడుగులు. మార్లీన్ కత్తెరతో చొక్కా చీల్చింది. జ్వరం చూసింది. “నూట ఏడున్నర!” మెడదాకా ఐసులో ముంచారు. జార్విస్ చేతులు విసిరి కొట్టాడు, పెట్‌వేని బూతులు తిట్టాడు. “తిట్టు నాన్నా, ఇంకా తిట్టు,” అంటూ పెట్‌వే తొట్టి మీదికి వంగి తల నీళ్ల పైన పట్టుకున్నాడు. అంబులెన్స్ వచ్చింది. ఎక్కించమన్నారు. “ఇప్పుడు కాదు. ముందు చల్లారాలి,” అంది మార్లీన్. నూట ఆరు. నూట నాలుగు. నూట రెండు. అప్పుడు తీశారు.

ఆసుపత్రిలో ఆరున్నరకి జార్విస్ కళ్లు తెరిచాడు. పెదాలు పగిలిపోయి ఉన్నాయి.

“కోచ్, ఆరోది లెక్కలోకి వచ్చిందా?”

పెట్‌వే వంకర వేళ్లతో దుప్పటి సర్దాడు. “వచ్చిందిరా,” అన్నాడు. “నీకది చాలు.”

ఏడింటికి కాలేజీ ఆఫీసులో కాగితం ఆయన ముందుకి తోశారు. ‘తనంతట తానే’ అన్న చోట వేలు పెట్టి చదివాడు. సంతకం చెయ్యలేదు. తాళాలు బల్ల మీద పెట్టి బయటికొచ్చాడు. ఇంటికెళ్లేసరికి ఒడెస్సా మంచం కింది పెట్టెలు విప్పుతోంది.

“తొట్టి ట్రక్కులో వేశావా?”

“లేదు.”

ఆమె చెయ్యి ఆగింది.

“ఇంకా పన్నెండు వారాల ఆట ఉందే,” అన్నాడు.

ఆయన వెళ్లిపోయాడు. తొట్టి ఉంది. ఇప్పుడు చెయ్యాల్సింది ఇదీ: దాన్ని రేపే షెడ్డు వెనకనుంచి మైదానం గీత మీదికి తీసుకురండి. ప్రతి మైదానంలో ఒకటి పెట్టండి, పొద్దున్నే ఐసు నింపండి. మార్లీన్ ఆపమంటే ఆపండి, ఆమె మాట మీద ఏ మంచె మాటా చెల్లకూడదు. ఒకడు పడితే అందర్నీ పరిగెత్తించే ఆ కట్టుబాటు ఇవాళే తీసెయ్యండి. అబద్ధపు కాగితం చింపి, పెట్‌వేని పిలవండి. అందాకా ఆ తొట్టిని ఎవరూ తిరగెయ్యొద్దు. కుర్రాడి మీదికి వంగినప్పుడు జారిపోయిన విజిల్, కరిగిన ఐసు కింద, నల్లతాడుతో సహా దాని అడుగునే ఉంది.