టపా గాడిద నడక

అద్దంలో చూసుకుంటూ పళ్లికిలించాడు మేష్టారు. పై పెదవి ఎత్తి, ముక్కు ముడిచి, ఆ ముఖాన్నే కాగితం మీదకి దించాడు. బొమ్మ ముఖంలో ఏ భావం కావాలన్నా ముందు తన ముఖంలోకి తెచ్చుకోవాల్సిందే. అందుకే బల్ల మీద ఆ గుండ్రటి చేతి అద్దం. అందుకే ఆయన అద్దం మేష్టారయ్యాడు. అసలు పేరు జీతమిచ్చేవాళ్లకైనా గుర్తుందో లేదో.

ఒకప్పుడు పిల్లలు తిండి మానేసి టీవీలో చూసిన టపా గాడిద ఆయన గీసిందే. మెడలో ఉత్తరాల సంచీ వేసుకుని, కుడి అడుగు మామూలుగా వేసి, ఎడమ అడుగుకి చిన్నగా ఎగిరేది. ఆ ఎగురుడుకే జనం పడీ పడీ నవ్వేవారు. ఇప్పుడా పిల్లలే పెద్దవాళ్లై పాటల వీడియోలు తీస్తున్నారు. కళ్లు బయటికి పొడుచుకురావడం, గాల్లో పరిగెత్తి కిందికి చూశాక గానీ పడకపోవడం, అన్నీ పాత కార్టూన్ల నుంచి ఎత్తుకొచ్చినవే.

"మేష్టారూ, ఇటు చూడండి!" అంది స్టూడియోలో పాట తీస్తున్న కుర్ర డైరెక్టరమ్మ. "మా గాయకుడు మీ గాడిదని చూస్తూనే పెరిగాడట. పాటంతా ఆ నడకే పెట్టించాడు."

తెర మీద గాయకుడు, వెనక డాన్సర్లు, మధ్యలో గాడిద. అందరూ ఒక్కసారే ఎగురుతున్నారు. మేష్టారి ఛాతీ ఉబ్బింది. ఉబ్బదా మరి? ఇన్నేళ్లలో పిలిచి శభాష్ అన్న పాపాన పోయినవాడు లేడు.

అప్పుడే ఆయన భార్య క్యారియరు పట్టుకుని వచ్చింది. యంత్రాల మీద దుమ్ము పడుతుందని ఆ గదిలోకి చెప్పులు రానివ్వరు. గుమ్మం పక్కన విడిచి లోపలికి నడిచింది. ఆవిడ ఎడమ కాలు కాస్త పొట్టి. చెప్పు తీస్తే ఇంకా తెలుస్తుంది.

డైరెక్టరమ్మ తెర వంకా, ఆవిడ కాళ్ల వంకా మార్చి మార్చి చూసింది.

"అమ్మబాబోయ్! మేష్టారూ, అమ్మగారిని చూసే గీశారా? అమ్మా, జనమంతా చూసింది మీ నడకేనన్నమాట!"

ఆ పిల్ల మనసులో ఏ చెడూ లేదు. సంబరం పట్టలేక చప్పట్లు కూడా కొట్టింది. ఆవిడ మాత్రం తెర మీది అడుగులనే చూసింది.

"వీధిలో పిల్లలు గాడిదత్తా అంటూ నా వెంటపడేవాళ్లు," అంది ఆవిడ. "మీరే కర్ర పుచ్చుకుని తరిమేవారు."

"అవును..."

"నా నడకే ఖర్మ కాలి ఆ గాడిద నడకలా ఉందనుకున్నాను. బడిలో ఉద్యోగం మానేశాను. నలుగురిలోకి రావడం మానేశాను. తెలిసి కూడా నోరు మెదపలేదా?"

"ముద్దొచ్చి గీశానే. ఇంత పనవుతుందనుకోలేదు. చెబుదామనే..."

"ఎప్పుడు?"

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. ఆవిడ క్యారియరు తెచ్చి అద్దం పక్కన పెట్టింది.

"వేడి తగ్గకముందే తినండి. నేను మా అన్నయ్య దగ్గరికి పోతున్నా. పిలవడానికి రావద్దు."

అద్దంలో ఆవిడ వీపు కనిపించింది. గోడ పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఎడమ కాలు ఎగరనివ్వకుండా ఈడ్చుకుంటూ పోతోంది. ఇంతకాలం కాపురంలో ఆ నడక ఆయన ఎన్నడూ చూడలేదు. చూస్తుండగానే చెయ్యి పెన్సిలు అందుకుని ఆ నడక గీస్తూ పోయింది.

"ఛీ!" అని విసిరికొట్టి, లేచి పరిగెత్తాడు.

మెట్ల మీద ఎవరూ లేరు. లోపల పాట మళ్లీ మొదలైంది. గుమ్మం పక్కన ఆవిడ చెప్పులు అలాగే ఉన్నాయి, ఎడమదానికి అడుగున కుట్టించుకున్న అదనపు తోలు మునివేళ్ల దగ్గర అరిగిపోయి.